మా మేనత్త మనిషేనని ఎవరు చెప్పాలి?

మా మేనత్త మనిషి కాదని మా యాప్ తేల్చేసింది. అదీ ఎర్ర అక్షరాల్లో: "సజీవ వ్యక్తిగా నిర్ధారణ కాలేదు. మీ నమోదు నిలిపివేయబడింది." ఆ యాప్ తయారుచేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. అత్త ఆ ఫోను నా మొహం ముందు ఊపుతూ నిలదీసింది.

"ఏటే గుంటా, నాను సచ్చిపోయానా? ఎప్పుడు సచ్చిపోయాను? నాకు సెప్పకుండా దినం ఎవులు సేసీసినారు?"

నాకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే ఆమె రెండో చేతిలో ఉన్న చేప నా మీదకే వస్తుంది.

మాది జాలరిపేట. నేను ఋషికొండ మీద ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. చేపలమ్మే ఆడవాళ్ళకి ఐసు పెట్టెలు ఇస్తామని ఒక సంస్థ ముందుకొచ్చి, ఆ నమోదు పని మాకిచ్చింది. ఒకే మనిషి రెండు పెట్టెలు పట్టుకుపోకుండా ఫోనులోని యాప్ మనిషి మొహం చూసి నమోదు చేసుకుంటుంది. మా అత్తకి ఆ పెట్టె కావాలి. గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. ఎండెక్కి చేప మెత్తబడితే వచ్చినకాడికి ఇచ్చేసి ఇంటికి రావాల్సిందే. పెట్టె ఉంటే సగం సరుకు ఐసులో దాచుకుని సాయంత్రం మళ్ళీ తిరగొచ్చు. ఆ వారంలోగా నమోదు కాకపోతే మాత్రం పెట్టె లేదు.

ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషే అని తేల్చుకోవడానికి యాప్‌లో ఒక పరీక్ష పెట్టాం. పెట్టాం అంటే మేం రాసిందేం లేదు. మా టీమ్ లీడ్ ఏఐకి రెండు ముక్కలు టైప్ చేశాడు, టీ చల్లారేలోపు స్క్రీన్ తయారు. "నోరు తెరవండి. తల కుడికి తిప్పండి. ఎడమకి తిప్పండి." ఏసీ గదిలో కుర్చీల్లో కూర్చుని అందరం నోళ్ళు తెరిచాం, తలలు తిప్పాం, పాసైపోయాం. సమోసాలు కూడా తెప్పించుకున్నాం.

ఇప్పుడు మా ఒడ్డు సంగతి. మా వైపు పెద్దావిడలు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. సముద్రపు గాలికి ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి. నెత్తిన నిండు గంప, నోట్లో నిప్పు. సంస్థవాళ్ళు ఫోను పట్టుకుని వచ్చేదేమో పొద్దున్న పడవలొచ్చే వేళకే. నోరు తెరవమంటే మా అత్త తెరవదు. తల తిప్పమంటే గంప ఒరగకుండా ఒళ్ళంతా తిప్పుతుంది, మొహం తెరలోంచి జారిపోతుంది. అలా మూడుసార్లు చూసి, ఇది మనిషి కాదని యాప్ తలుపేసేసింది. అత్త ఒక్కతే కాదు, గంపలెత్తుకునే ఆడవాళ్ళు అందరూ ఆ లెక్కలోనే పోయారు.

లీడ్‌కి చెప్పాను. "సూచనలు ఫాలో అవ్వలేదేమోనమ్మా. గంప దించి, ఆ చుట్ట పక్కన పెట్టి చేస్తే సరిపోతుంది కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు. గోదావరి జిల్లా మనిషి, చేపని పులుసులో తప్ప చూడలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"దించమనడం తేలికే అన్నా, మళ్ళీ ఎత్తడానికి మీరొస్తారా? అసలు రేపు పొద్దున్న రండి. మీరు పాసైతే నేను నోరెత్తను" అన్నాను.

వచ్చాడు. తెల్ల బూట్లేసుకుని మరీ వచ్చాడు. మా అత్త ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, నువ్వేనా నన్ను సంపేసినావు?" అని, ఇంకో ఆవిడ సాయం పట్టగా గంప తెచ్చి ఆయన నెత్తిన పెట్టేసింది. చేపల నీళ్ళు చెవి పక్కనుంచి కాలర్లోకి కారుతున్నాయి. నేను ఫోను పట్టుకున్నాను. తల కుడికి తిప్పమంది. పాపం, బూట్లతో సహా తిరిగాడు. ఎడమకి తిప్పమంటే మళ్ళీ తిరిగాడు. మూడోసారికి ఎర్ర అక్షరాలొచ్చేశాయి. ఒడ్డంతా విరగబడి నవ్వింది. గంప కిందే నిలబడి ఆయనా నవ్వాడు, అందుకు మెచ్చుకోవాలి.

అక్కడే, బోర్లా పెట్టిన పడవ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాం. ఈసారి ఏఐకి నేను చెప్పాను, నాకు వచ్చినట్టుగా, తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి. గంప, నిప్పు, చేపల నీళ్ళు, పడవల వేళ, అన్నీ చెప్పాను. అది కిక్కురుమనకుండా బోలెడు దారులు చూపించింది. పాపం దాన్ననేం లాభం, మునుపు దానికి ఈ ఒడ్డు గురించి చెప్పిందెవరు? అందులో ఒక దారి మా ఇద్దరికీ నచ్చింది. యంత్రానికి అనుమానమొస్తే, ఇప్పటికే నమోదైన ఆవిడ ఎవరైనా ఫొటో చూసి "ఈమె నాకు తెలుసు" అని నొక్కితే చాలు. సంస్థవాళ్ళు సరేనన్నారు. రెండ్రోజుల్లో మార్చేశాం.

తీరా చూస్తే, మా ఒడ్డున నమోదైన ఆవిడ ఒక్కతే. ఆమె గంప ఎత్తదు, బల్ల మీద కూర్చుని అమ్ముతుంది. చుట్ట ముట్టదు. మా అత్త గంప దించుకునే చోటే ఆ బల్ల వేసిందని ఇద్దరికీ గొడవైంది. ఏళ్ళు గడిచాయి, మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు సముద్రం వైపు, ఒకరు రోడ్డు వైపు చూస్తారు.

"దాన్ని నానడగను. పెట్టె నేకపోతే పోనీ" అంది అత్త. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసీ ఇక్కడ ఆగిపోతుందా!

నేనే వెళ్ళి ఫోను ఆ బల్ల ఆవిడ చేతిలో పెట్టాను. తెర మీద అత్త ఫొటో, కింద ప్రశ్న: "ఈమె మీకు తెలుసా?" ఆమె చదువుకోలేదు, నేనే చదివి వినిపించాను. కత్తి పక్కన పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఫొటో వంక చూసింది. అత్త దూరంగా నిలబడి సముద్రం వైపు చూస్తోంది.

"తెలవకేటి?" అందామె. "గాలివానకి నా ఇంటి కప్పెగిరిపోతే, నన్నూ నా గుంటల్నీ తన గదిలో ఎట్టుకుని, తను అరుగు మీద తొంగుంది. దీన్ని నాకు తెల్దంటే నోట్లో పురుగులు పడతాయి." నొక్కేసింది.

తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చింది. నాకు ఏడుపాగలేదు. నాతో వచ్చిన లీడ్ కూడా ముక్కు తుడుచుకుంటూ గాలి మీదకి నెపం తోసేశాడు.

అత్త గిర్రున తిరిగింది. "ఇంత గేపకం ఉన్నదానివి ఇన్నాళ్ళూ మాటాడవేటే?"

"నువ్వు మాటాడితే గదా!"

"నానెందుకు మాటాడాల? బల్ల ఏసింది నువ్వు!"

"ఏత్తాను! నీకూ ఇంకోటి ఏత్తాను! కూకుంతావా మరి?"

అత్త గంప ఆ బల్ల మీదకి దించింది. చేపలు కొనడానికొచ్చిన వాళ్ళు ధర ఎంతని అరుస్తున్నారు, ఏళ్ళ తరబడి ఆపుకున్న మాటల్లో పడ్డ ఆ ఇద్దరికీ వినపడితే గదా.