పనసకాయా, నా మూడు కత్తులూ

నన్ను ఏ విషయం మీదైనా సలహా అడగండి. రైలు రిజర్వేషన్ గురించి అడగండి, దోమల మందు గురించి అడగండి, చెప్పకపోతే నా పేరు మార్చుకుంటాను. వంటింటికి ఎలాంటి కత్తులు కొనుక్కోవాలని మాత్రం అడక్కండి. అడిగితే మా ఆవిడ సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఎందుకు వెళుతుందో ఇప్పుడు చెబుతాను. ఒక మనిషి కేవలం సొంత తెలివితేటలతో, ఎవరి సాయమూ లేకుండా, అత్తవారింట్లో ఎంత లోతుగా మునగవచ్చో మీకూ తెలియాలి కదా.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది కాలేదు. సెల్‌ఫోన్లు మా వైపు ఇంకా రాని రోజులు. నేను రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నాను. అత్తవారిది నిడదవోలు దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో అందరికీ నేనంటే ప్రాణం, ఒక్క సుభద్ర పెదనాన్నగారికి తప్ప. పెళ్ళిలో ఆయనకు నేను వ్యవసాయం ఎలా చేయాలో చెప్పాను. ఆయన పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నది వ్యవసాయమే. "కుర్రాడికి పొగరు. వినయం లేని చదువు ఎందుకండి" అనేసి భోజనం చేయకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. చిన్నప్పుడు సుభద్రను భుజాల మీద మోసి తిప్పిన మనిషి. ఆ బాధ దానికి లోపల్లోపల గుచ్చుకుంటూనే ఉండేది. చివరికి మావయ్యగారు బతిమాలగా బతిమాలగా, ఒక ఆదివారం భోజనానికి వస్తానని ఒప్పుకున్నారు.

"ఏవండీ, ఆ ఒక్కపూటా మీ తెలివితేటలు పక్కన పెట్టండి. పెదనాన్న మళ్ళీ అలిగి వెళ్ళిపోతే ఇంక రారు" అంది సుభద్ర, నాకంటే ముందుగా పుట్టింటికి బయల్దేరుతూ.

"నేను చూసుకుంటాను కదా" అన్నాను. నా జీవితంలో జరిగిన అనర్థాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

ఆ శనివారం రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో ఒకాయన కత్తులు అమ్ముతున్నాడు. ఒక చెప్పు అడుగు కోశాడు. అదే కత్తితో టమాటాను ఉల్లిపొరలా కోశాడు. "వంటింటికి మూడే మూడు చాలు సార్. కూరగాయలకి పెద్దది, తొక్కలకి చిన్నది, బ్రెడ్డుకీ టమాటాకీ ఈ పళ్ళున్నది. మిగతావన్నీ ఇంట్లో చెత్తే" అన్నాడు. ఆ తర్కానికి నేను ముగ్ధుణ్ణయ్యాను. చెప్పు కోసిన కత్తితో కోసిన టమాటాను ఎవరు తింటారన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. మూడూ కొని, సాయంత్రం రైలెక్కి గోదావరి దాటాను.

పెట్టె విప్పి చూపించగానే అత్తయ్యగారు ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇవాళ శనివారమండి బాబూ."

"అయితే ఏమైందండి?"

"ఏం లేదండి. శనివారం ఇనుము లోపలికి తేరు. అరుగు మీద పెట్టేస్తే రేపు తీసుకుంటానండి."

"ఇది ఇనుము కాదండి, స్టెయిన్‌లెస్ స్టీలు. దీనికి శని పట్టడు."

ఆవిడ మావయ్యగారి వైపు చూశారు. ఆయన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు ఇద్దరూ. మీది మా గోదావరి జిల్లాలు కాకపోతే ఈ సంగతి తెలియదు. కొత్త అల్లుడు సూర్యుడు పడమట ఉదయిస్తాడంటే, మా వైపు అత్తమామలు కుర్చీ పడమటి వైపు తిప్పి వేస్తారు తప్ప కాదనరు. కాదనేవాళ్ళు ఒక్కరున్నా నేను బాగుపడేవాణ్ణి.

తెల్లవారగానే వంటింటి సంస్కరణ మొదలుపెట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. నేను దానం దాకా పోలేదు, అత్త కత్తులన్నీ అటక ఎక్కించానంతే. కత్తిపీట, ఆవకాయ ముక్కలు కొట్టే కత్తి, ఇంకా గొడ్డలికి పిన్నిలా ఉన్న ఒక బరువు కత్తి, అన్నీ పైకి పోయాయి. గట్టు మీద నా మూడు కత్తులూ తళతళలాడాయి. చూసుకుని మురిసిపోయాను.

అప్పుడు అత్తయ్యగారు పెరట్లోంచి పసిపిల్లాడంత పనసకాయను ఎత్తుకొచ్చారు.

"మా బావగారికి పనసపొట్టు కూరంటే ఇష్టమండి. ఆవ పెట్టి చేద్దామని. పొట్టు కొట్టడానికి ఆ బరువు కత్తి ఉండాలేమోనండి."

"అదే అత్తయ్యగారూ పాతకాలపు ఆలోచన. నేను కొట్టి చూపిస్తాను చూడండి."

"అయితే చేతులకి కాస్త నూనె రాసుకోండి బాబూ. పాలు అంటుకుంటాయి."

"నూనె రాస్తే పిడి జారదా అండి?" అన్నాను. ఆవిడ నా మేధస్సుకు తలవంచి తప్పుకున్నారు.

పెద్ద కత్తితో ఒక్క వేటు వేశాను. కత్తి సగం దిగి, అక్కడే కాపురం పెట్టింది. లాగితే కాయతో సహా వచ్చింది. దాన్ని వదులు చేయడానికి చిన్న కత్తి గుచ్చాను. అది పిడి దాకా మునిగింది. రెండింటి మధ్యా పళ్ళ కత్తితో రంపం కోత కోశాను. నాలుగు లాగుళ్ళకు అదీ బిగుసుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక పనసకాయలో మూడు కత్తులు చక్కగా ఇమిడాయి. కాయలోంచి తెల్లటి పాలు ధారలుగా కారి నా అరచేతులు, మోచేతులు, కుడి వైపు మీసం తడిసిపోయాయి.

"కాయ ముదిరిపోయిందండి" అన్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"ఆయ్, ముదిరిందేనండి" అన్నారు మావయ్యగారు. ఇంకా గింజ కూడా కట్టని లేత కాయ అది. "పోనీ అటక మీంచి ఆ కత్తి దింపమంటారా?"

"వద్దండి, పని దగ్గరికొచ్చేసింది."

"మా అన్నయ్య కూడా దగ్గరికొచ్చేశాడండి. గేటు చప్పుడైంది."

కాయను మోకాళ్ళ కింద నొక్కి పట్టుకుని ఉన్నవాణ్ణి, ఎలా లేచానో తెలియదు. సుభద్ర మొహం పాలిపోయింది. ఆ మొహం చూశాక నాకు నిజంగా భయం వేసింది. పరుగున వీధి వసారాలోకి వెళ్ళి, "నమస్కారమండి పెద మావయ్యగారూ" అని రెండు చేతులూ జోడించాను.

జోడించానా, అంతే. అరచేతులు అతుక్కుపోయాయి.

పెదనాన్నగారు ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి కుర్చీలో కూర్చున్నారు. నేను చేతులు జోడించుకునే నిలబడ్డాను.

"కూర్చోండి బాబూ."

"పర్వాలేదండి."

"చేతులు దించండి. మనలో మనకి ఎందుకండి ఇవన్నీ?"

"నా వల్ల కాదండి" అన్నాను. అంత నిజాయితీగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఈలోగా పెరట్లో టకటకమని చప్పుడు మొదలైంది. మావయ్యగారు అటక ఎక్కి దిగినట్టున్నారు. వంట కొంచెం ఆలస్యమైంది గాని కూర అమృతంలా వచ్చింది. నేను మాత్రం ఆయన విస్తరి ఎదురుగా అలాగే చేతులు కట్టుకుని, కాదు, అతికించుకుని నిలబడ్డాను. "మీరూ కూర్చోండి బాబూ" అని ఆయన అన్నప్పుడల్లా, "ముందు మీరు కానివ్వండి" అన్నాను. వేరే దారేముంది?

పెదనాన్నగారు పనసపొట్టు మారు వడ్డించుకుని, కళ్ళు తుడుచుకున్నారు. ఆవ ఘాటుకు కాదు.

"ఒరే తమ్ముడూ, నేను పొరబడ్డాన్రా. ఈ రోజుల్లో ఇంత వినయం ఎక్కడుందిరా? మన పిల్ల అదృష్టవంతురాలు" అన్నారు.

ఆయన వెళ్ళాక సుభద్ర నన్ను నూతి దగ్గరకు తీసుకెళ్ళి, కొబ్బరినూనె పోసి, రుద్ది రుద్ది చేతులు విడదీసింది. రుద్దుతూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. మీసం మాత్రం తీసేయాల్సి వచ్చింది.

కథ ఇక్కడితో ఆగితే నేను సుఖపడేవాణ్ణి. పెదనాన్నగారు నా వినయాన్ని తణుకు నుంచి కొవ్వూరు దాకా ఉన్న చుట్టాలందరికీ చాటించారు. అప్పటినుంచీ ఏ పెళ్ళికి వెళ్ళినా పదిమందిలో నన్ను పిలిచి, "అల్లుడంటే ఇలా ఉండాలండి" అని చూపించి విస్తరి ముందు కూర్చునేవారు. ఆయన పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం వేసుకునేదాకా నేను చేతులు జోడించుకుని ఎదురుగా నిలబడాలి. మొదటిసారి జిగురు సాయం ఉంది. తర్వాతవన్నీ నా సొంత ఓపికతోనే.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం ఎవరి వంటింట్లోనూ, ఏ కత్తి గురించీ, ఎంత మర్యాదగా అడిగినా నోరు విప్పను. ఈ ప్రమాణం చేతులు జోడించి చేయమని మాత్రం అడక్కండి.