నీళ్లాయన ఎండబెట్టిన మొక్క

ముప్పై ఏళ్లు నీళ్ల ట్యాంకరు తోలినాయన చేతిలో మొక్కలు నీళ్లు లేక చావవు, నీళ్లు ఎక్కువై చస్తాయి. వీధంతా ఆయన్ని నీళ్లాయన అనే పిలుస్తుంది. ఖాళీ బిందె కంటబడితే చాలు, ఆయన చెయ్యి పైపు మీదికి పోయేది. ఆ చేత్తోనే భార్య నాటిన మూడు సేజ్‌బ్రష్ పొదల్లో రెండింటిని పొట్టన పెట్టుకున్నాడు.

సేజ్‌బ్రష్ అంటే మన మాచిపత్రికి దూరపు చుట్టం. బూడిద రంగు ఆకులు, నడుమెత్తు పొద, చూడ్డానికి ఏమంత అందం కాదు. ఎక్కడో దూరాన ఆవిడ పుట్టిన మెట్టనేలలో ఎటు చూసినా అదే. పెళ్లయి వచ్చిన కొత్తలో విత్తనాలు పొట్లం కట్టి తెచ్చింది. ఎండ బాగా తగిలే గోడవార ఇసుకా కంకరా కలిపి దిబ్బ పోసి, పైన ఊరికే చల్లింది. ఎరువు లేదు. వేళ్లూనుకున్నాక నీళ్లూ లేవు.

"మీ ట్యాంకరు గేటు బయటే ఆపుకోండి. దీని జోలికి మాత్రం రాకండి," అనేది.

వాన పడితే మాత్రం ఆవిడ వేరే మనిషి. పొద పక్కన స్టూలేసుకుని తడుస్తూ కూర్చునేది. తడిసిన ఆకుల్లోంచి కర్పూరంలో చేదు కలిపినట్టు ఘాటైన వాసన లేచేది. అది ఆవిడ జుట్టులో, చేతుల్లో, దుప్పట్లో రెండు రోజులుండేది. ముక్కు పగిలిపోతోందని ఆయన వేళాకోళం చేసేవాడు. ఇప్పుడది తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ పోయిన నెలకు, ఒక పొద్దున ఏమీ తోచక చెంబుడు నీళ్లు ఆకుల మీద చిలకరించాడు. వాసన లేచింది. ఆవిడ పక్కకొచ్చి నిలబడ్డట్టే అయింది. ఆ రోజంతా కడుపు నిండినవాడిలా తిరిగాడు. మర్నాడు మళ్లీ చెంబు. ఆపైన బకెట్టు. ఇంకెక్కడ ఆగుతాడు?

కొన్నాళ్లకు ఒక పొద నల్లబడింది. దాహమేమో అనుకుని ఇంకా పోశాడు మహానుభావుడు. రెండోదీ పోయాక మరదలికి కబురు పెట్టాడు. ఆవిడా ఆ మెట్టనేల మనిషే. అక్క కంటే నోరు నాలుగింతలు.

మూడో పొద మొదట్లో వేలు దింపి, మట్టి వాసన చూసి మొహం చిట్లించింది.

"వేళ్లు కుళ్లుతున్నాయి బావా. రోజూ పోస్తున్నావు కదూ?"

"కొంచెమే."

"నీ కొంచెం నాకు తెలీదా? ఆ కొంచెంతో మా ఊరు ఏడాది బతికేది."

ఆయన నవ్వలేదు. "వాసన కోసం పోశాను. ఇంట్లో మీ అక్క వాసన ఇంకెక్కడా లేదు. బట్టలన్నీ ఉతికేశారు."

మరదలు చేతికంటిన మట్టి దులుపుకుంది. తర్వాత మెల్లగా అంది, "ఈ వానాకాలం దాటేదాకా చుక్క తగలనివ్వకు. వేళ్లు ఆరితే బతుకుతుంది. ఉన్నవే పిడికెడు ఆకులు, నలిపి కూడా చూడకు."

ఇద్దరూ కలిసి తడిమట్టి తవ్వి తీసి, పొడి ఇసుక పోశారు. నల్లబడిన కొమ్మలు కత్తిరించారు. బకెట్టు మరదలింటికి వెళ్లిపోయింది. ఆయన రోజూ పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని పొద దగ్గర నిలబడి, వచ్చేసేవాడు. వాసన లేని ఇల్లు మరీ పెద్దదిగా ఉండేది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచింది. ఆయన పాత టార్పాలిను లాక్కుని పరిగెత్తాడు. మూడు మూలలు కట్టాడు, నాలుగోది గాలికి నిలవలేదు. దాన్ని పిడికిట పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ తడిమట్టి వాసన, ఆవిడ వాసన మాత్రం లేదు. పిడికిలి వదిలితే చాలు, వచ్చేస్తుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషికి వచ్చే ఏడాది వాన చాలా దూరం.

గొడుగుతో వచ్చిన మరదలు కేకేసింది. "తడిసి ముద్దయ్యావు! నువ్వు లోపలికి పో బావా, నేను పట్టుకుంటాను."

ఆయన వినిపించుకోలేదు. పొదవైపు వంగి, "ఈసారికి రావద్దులేవే," అన్నాడు. "వచ్చే ఏడాది వానదాకా నేనుంటాలే."