పెంచాలా, తగ్గించాలా

మేము టాంపినీస్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్‌లోకి దిగిన ఏడాది నాకు ఇరవై తొమ్మిదేళ్లు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్కపెడతాయన్న భయంతో బ్యాంకులన్నీ మాలాంటి వాళ్లను విమానాలెక్కించి రప్పించుకుంటున్న రోజులవి. మా ఆయనా, నేనూ ఇద్దరం ప్రోగ్రామర్లమే. కాకినాడలో ఉన్నంతకాలం జలుబు నాకు ఏడాదికోసారి వచ్చే చుట్టం. సింగపూర్ వచ్చాక అది మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

ఆఫీసులో ఏసీ చలికి స్వెట్టర్ వేసుకుని కూర్చునేదాన్ని. బయట అడుగు పెడితే ఉక్క. మధ్యాహ్నం హాకర్ సెంటర్ అనే తిండి కొట్ల చావడిలో నూనె ఓడే నూడుల్స్, ఆ తర్వాత సాయంత్రం దాకా డబ్బాపాలు పోసిన చిక్కటి టీలు. ఇంటికొచ్చాక వండే ఓపిక ఉండేది కాదు, బ్రెడ్డు ముక్కలు నమిలి పడుకునేవాళ్లం. నిద్ర ఐదు గంటలు దాటితే ఆ రోజు పండగే. నెలకోసారి బ్లాకు కిందనున్న క్లినిక్‌కి వెళ్లి మందులు, ఒకరోజు సెలవు చీటీ తెచ్చుకునేదాన్ని.

"నీకు ఇమ్యూనిటీ తక్కువ" అన్నారు అందరూ. నా పక్క సీటు చైనీస్ అమ్మాయి నా ఒంట్లో వేడి ఎక్కువైందని చామంతి టీ తెచ్చిచ్చింది. మా కింది అంతస్తులో ఉండే హైదరాబాదీ ఆంటీ మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకంగా చెప్పింది.

"ఒంట్ల సలి సొచ్చింది బేటా. అల్లం, మిరియాలు, పసుపు ఏసి కాఢా చేస్త. పొద్దుగాల పరగడుపున తాగాలె."

వేడో, చలో తేల్చుకోలేక పొద్దున కాఢా, మధ్యాహ్నం చామంతి టీ తాగాను. మా ఆయన విటమిన్ సి మాత్రల డబ్బా కొనుక్కొచ్చాడు. అవీ మింగాను. జలుబు దాని దారిన అది వచ్చిపోతూనే ఉంది.

ఆ తర్వాత వేళ్ల బాధ మొదలైంది. పొద్దున లేచేసరికి చేతివేళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయేవి. వేణ్ణీళ్లలో ముంచి కూర్చుంటే గంటకి కాస్త వదులయ్యేవి. కీబోర్డు వల్లే అనుకుని దానికింద మెత్తటి పట్టీ పెట్టుకున్నాను. ఒకరోజు జడ అల్లుకోలేకపోయాను. మా ఆయన వెనక కూర్చుని మూడు పాయలు తీసి, ఏది దేనిమీదుగా వెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇంక లాభం లేదు, పెద్దాసుపత్రికి పోదాం" అన్నాడు.

రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అయ్యాక ఒక పెద్దవయసు చైనీస్ డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. ఇది కీళ్లవాతంలో ఒక రకమట. నా రోగనిరోధక శక్తి నా కీళ్లనే పరాయివనుకుని వాటిమీద దాడి చేస్తోందట. దాన్ని కాస్త అణచడానికి వారానికోసారి వేసుకునే మాత్రలు రాస్తానన్నాడు.

నాకు అర్థం కాలేదు. "అణచడమా? నాకసలే ఇమ్యూనిటీ తక్కువన్నారు కదా?" అని అడిగాను.

"తక్కువ ఎక్కువల సంగతి కాదమ్మా. అది దారి తప్పింది" అన్నాడు.

రైల్లో ఇంటికొస్తున్నంతసేపూ ఆ మాటే నెమరేశాను. ఏడాదిగా నేను కష్టపడి పెంచుతున్నదాన్నే ఈయన తగ్గిస్తానంటున్నాడు. మరి నేను తాగిన కాఢాలన్నీ దానికి బలం పోశాయా? అలాగైతే నెలనెలా జలుబెందుకు వచ్చినట్టు? మా ఆయన్ని అడిగితే, "డాక్టరు చెప్పింది చేద్దాం" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండు నెలలు మాత్రలు వేసుకున్నాను. వేళ్లు కొంచెం తెరిపినపడ్డాయి, కానీ మాత్ర వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేది. "శక్తిని అణిచే మందు" అన్న మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. అప్పుడే ఆఫీసులో ఎవరో ఒక వ్యాసం అచ్చు తీసి ఇచ్చారు. టమాటా, వంకాయ, బంగాళాదుంప, పులుపు, పాలు మానేస్తే ఈ జబ్బు మందుల్లేకుండా పోతుందని అందులో రాసి ఉంది. తెలిసిన కూరగాయల పేర్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. జబ్బు సంగతి నాకు తెలియదు గానీ వంకాయ సంగతి తెలుసు, దాన్ని మానెయ్యడం నా చేతిలో పని.

మా ఆయనకి చెప్పకుండా మాత్రలు ఆపేశాను. చింతపండు లేని చారు పెట్టాను. ఆయన ఒక ముద్ద తిని, "ఇవాళ జ్వరం పథ్యమా?" అన్నాడు. మొదటి మూడు వారాలు నిజంగానే బాగున్నాను. టీ మానేశాను, పెందలాడే పడుకున్నాను. గెలిచాననుకున్నాను.

ఆరోవారంలో ఒక పొద్దున స్నానాల గదిలో కుళాయి తిప్పబోతే చెయ్యి తిరగలేదు. రెండు చేతులతో పట్టినా కాలేదు. మణికట్లు వాచి ఉన్నాయి. అక్కడే పీటమీద కూర్చుని ఏడుస్తుంటే మా ఆయన వచ్చాడు. మాత్రల కోసం సొరుగు తీసి, నిండుగా ఉన్న అట్టలు చూశాడు.

"ఎన్నాళ్లయింది వేసుకోక?"

"నెల దాటింది."

కోప్పడతాడనుకున్నాను. ఆయన గోడకానుకుని నిలబడి, చాలా చిన్న గొంతుతో, "నా సిగరెట్ల వల్ల ఏమన్నానా?" అన్నాడు. ఇంటిముందు వరండాలో నిలబడి రోజూ కాల్చేవాడు. ఆ పొగ మా గదిలోకి వస్తుందని నేను విసుక్కున్న రోజులున్నాయి. కానీ ఆయనకి ఒక్క తుమ్మైనా రాలేదు ఎప్పుడూ. ఆ ప్రశ్నకి నాకు ఆయనమీద జాలేసిందో కోపమొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వారమే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. సిగరెట్ల సంగతితో సహా జరిగిందంతా చెప్పాను. డాక్టరు తిట్టలేదు. ఏం తింటాను, ఎంతసేపు పడుకుంటాను, ఎంత నడుస్తాను అని అడిగి రాసుకున్నాడు.

"మొదట బాగానే ఉన్నాను కదా డాక్టర్?"

"అంతకుముందు వేసుకున్న మందు ఒంట్లో ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. బాగా నిద్రపోవడం కూడా సాయపడి ఉండొచ్చు."

"అయితే నేను తిన్నదాని వల్లే వచ్చిందా?"

"తెలియదు" అన్నాడు. "పొగతాగడం వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని తెలుసు. కొంత పుట్టుకతో వస్తుంది. మంచి తిండి, నిద్ర, నడక మీ గుండెకీ మంచివి, ఈ నొప్పులకీ కొంత మేలు చేస్తాయి. కానీ మాత్రలకి బదులు కావు. ఇదీ కారణమని ఒక్కటి చూపిస్తే మీకు మనసు కుదుటపడుతుందని నాకు తెలుసు. అది నా దగ్గర లేదు."

మా ఆయన కుర్చీలో కదిలాడు. డాక్టరు ఆయన వైపు తిరిగి, "మీవల్లే వచ్చిందని నేను అనడం లేదు. మానేస్తే మాత్రం ఇద్దరికీ మంచిది" అన్నాడు.

మా ఆయన మానేశాడు. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి గట్టిగా మానేశాడు. నేను మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను. చింతపండు చారు తిరిగొచ్చింది. సాయంత్రాలు ఆంటీతో కలిసి బ్లాకుల మధ్య దారిలో నడవడం మొదలుపెట్టాను. ఆంటీకి పన్నెండేళ్లుగా షుగరు. నడుస్తూ నడుస్తూ ఒకరోజు ఆగి నవ్వింది.

"నీకు కాఢా తాగుమని సెప్పిన నేను, ఇంట్ల దాసుకుని డబల్‌కా మీఠా తింటుంటి బేటా. ఎవ్వరికి సెప్పకు."

"ఇప్పుడూ తింటున్నారా ఆంటీ?"

"శుక్రారం ఒక్కరోజే. అల్లా కసం."

ఏడాది తిరిగేసరికి ఆంటీ షుగరు తగ్గింది. నా పిడికిలి పూర్తిగా ముడుచుకుంది, జడ నేనే వేసుకుంటున్నాను. జలుబులు కూడా పల్చబడ్డాయి. అణిచే మందు వేసుకుంటూ జలుబులు తగ్గడమేమిటో నాకు బోధపడలేదు. నిద్ర వల్లా, నడక వల్లా, పొగ పోవడం వల్లా, తేదీల పని ముగిసి ఆఫీసులో ఊపిరాడటం వల్లా? అన్నీ ఒక్కసారే మారాయి. ఏ దారాన్ని లాగి ఏది కదిలిందో చూసే అవకాశం లేకపోయింది. ఎలాగైతేనేం, ఇదంతా ఈ ఊరి బతుకు తెచ్చిన జబ్బేనని లోపల ఒక నిర్ణయానికి వచ్చాను. అమ్మ వంట తింటూ ఉండిపోయి ఉంటే వచ్చేది కాదని.

అప్పుడు కాకినాడ నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. అది ఎప్పుడూ అమ్మ ఇంట్లోనే ఉంది. తొమ్మిదింటికి పడుకుంటుంది, పెరట్లో ఆకుకూర తింటుంది, ఏసీ గది ముఖమే ఎరగదు.

"అక్కా, పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకోవట్లేదే. నువ్వేం తిని తగ్గించుకున్నావ్?"

ఫోన్ చెవికి ఆనించుకునే, రెండో చేతి పిడికిలి ముడిచి తెరిచి చూసుకున్నాను. అటునుంచి "అక్కా, ఉన్నావా?" అంటోంది.

"ఉన్నాను" అన్నాను. "తిండి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రేపు పొద్దున్నే వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. అమ్మని తోడు తీసుకెళ్లు."