రమీజా పట్టు వదల్లేదు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానికి నవల అని పేరు పెట్టాను. నరసరావుపేటలో శాలువా కప్పారు. కప్పించుకున్నాను. మీకు చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను.

ఇరవై ఏళ్ల కిందట మాచర్ల ఆడపిల్లల కబడ్డీ జట్టులో నేనూ ఆడాను. మా కెప్టెన్ రమీజా, మెకానిక్ కూతురు. ఫైనల్లో ఆఖరి కూతకొచ్చిన అమ్మాయి చీలమండను రమీజా ఒడిసిపట్టింది. నడుము పట్టాల్సింది నేను. ఆ అమ్మాయి కాలు విసురుతుంటే భయపడి వెనక్కి జరిగాను. ఆమె రమీజాను ఈడ్చుకుంటూ వెళ్లి గీత తాకింది. ఓడిపోయాం. ఆ ఈడ్పులో రమీజా మోకాలు పోయింది.

నవలలో ఆమె పేరు మార్చాను. కుంటికాలు, మెకానిక్ షెడ్డు అలాగే ఉంచాను. ఎదుటి జట్టు కోచ్‌ను ప్రేమించి, అతని కోసం కావాలనే పట్టు వదిలేసిందని రాశాను. ఎందుకు రాశాను? నా పిరికితనం కథకు పనికిరాదనా? లేక ఎవరైనా గుర్తు చేస్తారేమోనని ముందే ఆమె మీదికి నెట్టేశానా?

ఊరంతా గుర్తుపట్టింది. అప్పుడామె స్కూల్ గ్రౌండ్‌లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతోంది. తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. ఒకరు పేపర్లో తప్పుపడితే, కల్పనకు సాక్ష్యాలడుగుతారా అని మండిపడ్డాను. నాకు అండగా సాటి రచయితలు నరసరావుపేటలో సభ పెట్టారు! ఆ మనిషి ఏమైందని వేదిక మీద ఒక్కరన్నా అడిగారా? ధైర్యమైన రచన అన్నారు. బతికున్న మనిషి వెనక దాక్కోవడం ధైర్యమా? వాళ్లకు అసలు సంగతి తెలియదు. తెలిసిన నేను చేతులు జోడించి నవ్వాను.

ఆ వారమే రమీజా మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు.

"ఏమే, నేను వదిలేశానా?"

"అది కథ గదా రమీజా. నువ్వని ఎక్కడన్నా రాశానా?"

"కాలు నాది. షెడ్డు మా అబ్బాది. తప్పొక్కటే నీది. అది నాకెందుకు అంటగట్టావే? నువ్వు ఎనక్కి పోయిన సంగతి ఇన్నేళ్లల్లో ఎవరికన్నా చెప్పానా?"

చెప్పలేదు. ఆమె చెప్పదని తెలిసే రాశాను. అన్నిటికంటే నీచమైనది అదే.

నవల మళ్లీ అచ్చు వేస్తామంటే మొన్న వద్దన్నాను. దానివల్ల ఆ పిల్లలు గ్రౌండ్‌కు తిరిగి రారు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇదంతా మీకు రాశాక గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది.