ఒడెస్సా తియ్యని తలుపు

మెంఫిస్‌లో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, ఒడెస్సా మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏట యూనివర్సిటీలో చేరింది. అక్కడినుంచే లామోంట్ కూడా వచ్చాడు. తరగతి మొత్తానికి నల్లవాళ్లు వాళ్లిద్దరే.

"మీ కాలేజీలో లెక్కలు కూడా చెప్తారా?" అని మొదటిరోజే నవ్వాడు తోటి విద్యార్థి గ్రేడీ. వర్క్‌షాపులో ఆమె అతని జట్టులోనే పడింది. లేత్ మిషను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కింద పడ్డ ఇనుప రజను ఊడ్చే పని అప్పగించాడు. చివరికి జట్టు చేసిన మోడలు చూపించి మార్కులు వేయించుకునే ప్రదర్శన పొద్దున్నే అయితే, ఆమెకు మధ్యాహ్నమని చెప్పాడు. ఆమె వెళ్లేసరికి అంతా సర్దేస్తున్నారు.

"కమ్యూనిటీ కాలేజీ వాళ్లింతే సార్. టైమంటే లెక్కుండదు," అని ప్రొఫెసరుతో అంటున్నాడు గ్రేడీ.

ఆ సబ్జెక్టు పోయింది.

"పోనీలే అక్కా, వాడి పాపాన వాడే పోతాడు. కడుపులో పెట్టుకుంటే నీకే చేటు," అన్నాడు బస్సులో లామోంట్.

"కడుపులో కాదురా, పంటికింద పెట్టుకున్నా."

వేసవిలో మళ్లీ రాసి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ప్రొఫెసరు ముచ్చటపడి వర్క్‌షాపు తాళాలు ఆమె చేతికిచ్చాడు. పరీక్ష మొదలయ్యాక ఎవరినీ రానివ్వకూడదన్నది ఆయన నియమం. అంతకుముందు తాళాలు పట్టుకున్నవాళ్లు చూసీచూడనట్టు పోయేవారు. ఒడెస్సా మాత్రం ఆ నియమానికి రోజూ సాన పట్టింది.

చివరి ఏడాది ప్రదర్శన పరీక్ష రోజు వాన. తలుపుకి తాళం పడ్డాక గ్రేడీ పరిగెత్తుకొచ్చాడు, తడిసి ముద్దై, చంకలో పంపు మోడలుతో.

"ఒడెస్సా, ప్లీజ్! ఒక్క నిమిషమేగా!"

"అయ్యో, నీకు టైమెవరూ చెప్పలేదా?"

ఏడాదిగా నమిలిన మాట. నోరంతా తియ్యగా అయింది.

అంతలో అతని వెనక లామోంట్ కనిపించాడు. బస్సు వాననీళ్లలో ఆగిపోయిందట, సగం దారి నడిచొచ్చాడు. తలుపు అద్దంలోంచి ఆమెకేసి చూశాడు. తలుపు తీస్తే ఇద్దరూ లోపలికొస్తారు. తాళంచెవి చేతిలోనే ఉంది. ఒడెస్సా వెనక్కి తిరిగి లోపలికి నడిచింది.

ఇద్దరి పరీక్షా పోయింది. గ్రేడీకి ముందే దొరికిన ఉద్యోగం చేజారింది. ఆ కబురు విన్న రోజు ఆమె కడుపునిండా తిన్నది. లామోంట్‌కి స్కాలర్‌షిప్ ఆగి, చదువు ఇంకో ఏడాది సాగింది.

ఒడెస్సా పట్టా అందుకున్న రోజు గేటు దగ్గర లామోంట్ ఎదురయ్యాడు.

"ఆ రోజు వానలో నిన్ను సరిగ్గా చూడలేదురా."

"చూశావక్కా," అన్నాడు లామోంట్ మెల్లగా. "నువ్వు చూడటం నేను చూశాను."

తర్వాత వచ్చిన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. ఒడెస్సా ఆ బస్సు ఎక్కలేదు.