వేడి తగలకూడని బెరడు

షార్జా ల్యాబ్‌లో ఆ రోజు వేడి పెంచింది నేనే. ఆ సంగతి సూడాన్ డాక్టర్‌కి అప్పుడు చెప్పలేదు.

పరాన్నజీవుల వల్ల వచ్చే చర్మపు పుండ్లకూ వాపులకూ తన ఊళ్లో వాడే మందు చెట్లను ఆమె పరీక్షించేది. నేను ఆమె దగ్గర టెక్నీషియన్‌ని. ఏ బెరడునైనా దంచే ముందు అరచేతిలో పెట్టుకుని "మాలేష్" అనేది. అంటే, ఏమనుకోకు, క్షమించు అని.

"చెట్టుకేం తెలుస్తది డాక్టర్?" అని నవ్వేవాణ్ణి.

"ఇక్కడ నా మాట వినేది ఇంకెవరు బ్రదర్?" అనేది. యుద్ధం మొదలయ్యాక ఆమె ఇంటికి ఫోన్లు కలవడం లేదు.

ఒక గురువారం, మిగిలిన ఆఖరి బెరడును నానబెట్టి తీసిన రసం నాకిచ్చింది. "మా అమ్మమ్మ దీన్ని పొయ్యి మీద పెట్టేది కాదు. వేడి చేయకుండా, నిదానంగా ఆరనివ్వు" అంది.

సాయంత్రం రోలా పేటలోని మా గది నుంచి, త్వరగా రమ్మని తోటివాళ్ల ఫోన్. "యల్లా అన్నా, బిర్యానీ ఖలాస్ అయితది!" రసం త్వరగా ఇగిరిపోవాలని వేడి పెంచేశాను.

ఆ మందుకు ఒక్క పరాన్నజీవీ చావలేదు. ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "అమ్మమ్మది ఉత్త నమ్మకమే అన్నమాట" అంది. ఆ చెట్టును వదిలేసింది. తర్వాత ఉద్యోగం అయిపోయి కైరో వెళ్లిపోయింది.

మొన్న ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"అయితే ఆ బెరడు పనిచేస్తుందో లేదో మనకింకా తెలియదు" అంది మెల్లగా. "మళ్లీ తెచ్చిచ్చేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు."

నా నోటికి ఆమె బెరడుతో అనే మాటే వచ్చింది.

"మాలేష్, డాక్టర్."