శాలువా కప్పుకుని పడవెక్కిన రోజు

తెనాలిలో సాయంత్రం నడకకు వచ్చే మా రిటైర్డ్ బృందానికి నేను చెప్పే పడవ ప్రమాదం ఇప్పటికి బాగా ముదిరింది. మొదటిసారి చెప్పినప్పుడు అలలు మోకాలెత్తు. వారం తిరిగేసరికి తాటిచెట్టెత్తు. ఇంజను ఆగిన పడవ సముద్రంలోకి కొట్టుకుపోతుంటే డెబ్బై నాలుగేళ్ల నేను నీళ్లలోకి దూకి, తాడు పళ్లతో కరిచి పట్టుకుని మిగతా ఆరుగుర్నీ ఒడ్డుకు లాగేశాను. నావి కట్టుడు పళ్లని అక్కడ అందరికీ తెలుసు. అయినా ఎవరూ అడ్డు రాలేదు. వాళ్ల బైపాస్ ఆపరేషన్ల కథలకు నేనూ అడ్డు రాను.

ఇక్కడ మాత్రం జరిగింది రాస్తాను.

అంతకు ముందురోజు బాపట్లలో నాకు సన్మానం జరిగింది. హాలు కిటకిటలాడిపోయింది. కిటకిట అంటే, నలభై కుర్చీలు వేశారు, పదిహేను నిండాయి. ఆ పదిహేను మందిలో పదకొండుమందికి సన్మానమే. మిగిలిన నలుగురు శాలువాలు అందించేవాళ్లు. నాకు వచ్చింది మెరూన్ రంగుది, జరీ అంచుది. ఆ రాత్రి కుర్చీ వీపుకి వేసి, పడుకునేదాకా దాన్నే చూశాను.

మర్నాడు పొద్దున్నే తెనాలి వెళ్లకుండా రేపల్లె బస్సెక్కాను. రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఒక లంకలో మా మేనకోడలు ఉంటుంది. దాన్ని చూడక చాలా రోజులైందని బెంగ పెట్టుకున్నట్టు ఇంటికి ఫోన్లో చెప్పాను. అసలు బెంగ శాలువా మడత నలక్కముందే ఎవరికైనా చూపించాలని.

రేవులో పడవ నడిపేవాడు నా పాత శిష్యుడు. ఏడో తరగతిలో వాడికి సైన్సు చెప్పాను. ఇప్పుడు వాడి మీసం కూడా నెరిసింది. నన్ను చూడగానే "మాస్టారూ!" అంటూ పరుగున వచ్చి, చెయ్యి పట్టి ఎక్కించి, పడవ ముందు భాగంలో ఉన్న చెక్కపీటని తన తువ్వాలుతో తుడిచి మరీ కూర్చోబెట్టాడు. మావైపు ఇదొక పద్ధతి. పెద్దవాళ్లు కనబడితే అందరికన్నా మంచి చోటు వాళ్లకివ్వాలి. ఇచ్చాక మళ్లీ లెమ్మనకూడదు. పెళ్లి పందిట్లో వీడియో తీసేవాడికి కూడా తెలుసు ఆ మాట.

తర్వాత నారింజ రంగు లైఫ్ జాకెట్టు ఒకటి అందించాడు.

"వేసుకోండి మాస్టారూ."

"ఎందుకురా, ఉక్కపోత," అన్నాను. ఉక్కపోతేం లేదు. వేసుకుంటే శాలువా కనబడదు. మడిచి కింద వేసుకున్నాను. పీట మెత్తబడింది. వాడు ఇంకేదో అనబోయి, ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు.

మాతోపాటు లంకలో కోతలకు వెళ్తున్న కూలీలు నలుగురు, రేపల్లెలో చేపలమ్ముకుని ఖాళీ తట్టతో ఇంటికెళ్తున్న ఒక నడివయసు ఆడమనిషి ఉన్నారు. వాళ్లంతా జాకెట్లు వేసుకున్నారు. మొత్తం ఏడుగురం. ఈ ఒక్క లెక్క తెనాలిలో కూడా నేను మార్చలేదు.

పాయ మధ్యకు వచ్చేసరికి గాలి లేచింది. శాలువా భుజం మీంచి జారి నీళ్లలో పడింది. జరీ అంచు ఒకసారి తళుక్కుమని, పడవ కిందకి వెళ్లిపోయింది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. ఆపరా అని అరిస్తే సరిపోయేది. సన్మానం జరిగి ఒక్కరోజు కాకముందే శాలువా పారేసుకున్న మాస్టారు అంటారని నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

ఇంజను రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది.

శిష్యుడు పెట్రోలు చూశాడు. ఉంది. పైపు చూశాడు, బాగానే ఉంది. తాడు లాగి స్టార్ట్ చెయ్యబోతే కదల్లేదు. ఈలోగా పోటు తీసేసింది, నీళ్లన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి. వెదురు గడ దించితే అడుగు తగల్లేదు. దూరంగా మొగ దగ్గర తెల్లగా నురగ కనబడుతోంది. నదీ సముద్రమూ ఢీకొనే ఆ చోట, ఇంజను లేని పడవ అలకి అడ్డం తిరిగితే బోర్లాపడ్డమే. కూలీల్లో ఒకామె దేవుణ్ణి పిలవడం మొదలుపెట్టింది.

వాడు ఇంజను వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకున్నాడు.

"మాస్టారూ, తమరు కాస్త…"

సలహా అడుగుతున్నాడనుకున్నాను.

"కంగారుపడకురా. ఏ యంత్రమైనా ఆగిందంటే కారణాలు మూడు. మొదటిది ఇంధనం…"

"అది కాదండి. తమరు ఏమీ అనుకోకపోతే…"

"ఏమీ అనుకోను, ముందు విను. రెండోది గాలి…"

వాడు నిలబడి విన్నాడండి! పడవ మొగ వైపు పోతుంటే నా పాఠం విన్నాడు. తరగతిలో ఒక్కనాడు అలా విన్న పాపాన పోలేదు. మూడో కారణం నాకు బాగా తెలుసు, అందుకే దాని జోలికి పోకుండా రెండోదాన్నే సాగదీస్తున్నాను.

చేపలామె తట్ట పక్కకు తోసింది.

"తాతా, లెగు! లంగరు నీ పీట కిందే ఉంది!"

"అక్కా, మాస్టారు కదా…" అన్నాడు శిష్యుడు.

"మాస్టారైతే? మునిగాక లేపుతావా?"

నేను నిలబడబోయాను. పడవ ఒక పక్కకి ఒరిగింది. "నుంచోకు! పాకు!" అని కసిరింది. తెనాలిలో నేను దూకానని చెప్పే ఘట్టం ఇదే. అడుగున చేరిన నీళ్లలో నాలుగు కాళ్ల మీద పాకుతూ పడవ మధ్యకొచ్చి కూలబడ్డాను. ఆమె ఆ జాకెట్టు లాక్కొచ్చి నా మెడలో వేసి, బడిపిల్లాడికి బొత్తాలు పెట్టినట్టు బిగించింది.

శిష్యుడు పీట తీసి లంగరు దించాడు. అది అడుగున ఈడ్చుకుంటూ వచ్చింది తప్ప పట్టలేదు. తాడు ఇంకా వదిలాడు, ఇంకా వదిలాడు. లోతుకి నాలుగైదింతలు వదిలితే గానీ పట్టదట. నురగ చప్పుడు వినబడేంత దగ్గరికి వచ్చాక తాడు బిర్రుగా సాగింది. పడవ ముందు భాగం ప్రవాహానికి ఎదురు తిరిగి, ఆగింది. వాడు ఫోన్ తీసి, రేవులో ఉన్న బామ్మర్దిని రెండో పడవ తీసుకుని రమ్మన్నాడు. ఆ తర్వాతే ఇంజను పైకెత్తాడు.

నీళ్లలో తిరిగే ఫ్యానుకి మెరూన్ రంగు గుడ్డ జడలా చుట్టుకుని ఉంది.

"ఏదో కొట్టుకొచ్చినట్టుందండి," అన్నాడు, నా వైపు చూడకుండా. కత్తితో కోస్తుంటే జరీ పోగులు నీళ్లలో పడుతున్నాయి.

"నదిలో జనం ఏదిబడితే అది పారేస్తున్నారు," అన్నాను. మాట వచ్చేసింది, ఏం చెయ్యను?

చేపలామె నా భుజం వైపు చూసింది.

"ఎక్కేటప్పుడు పెళ్లికొడుకులా ఉన్నావు తాతా. ఇప్పుడేంటి, బోసిగా?"

"నాదేనమ్మా."

"పడ్డప్పుడే చెప్పొచ్చుగా?"

"నవ్వుతారని…"

"ఇప్పుడు నవ్వమా ఏంటి?" అంది. నవ్వింది. దేవుణ్ణి పిలిచినామె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. శిష్యుడు మాత్రం నవ్వలేదు. ఇంజను సరిగ్గా నడుస్తోందని నమ్మకం కుదిరేదాకా లంగరు తియ్యలేదు. బామ్మర్ది పడవ పక్కనే రాగా లంక చేరాం.

శిష్యుడు నన్ను దింపి, మళ్లీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లెమ్మనడానికి నోరు రాలేదండి. అందర్నీ చంపేసేవాణ్ణి," అన్నాడు.

"తప్పు నాదిరా."

కాదంటాడని చూశాను. అనలేదు.

"ఇవాళ్టి నుంచి నా పడవలో మాస్టార్లుండరండి. అందరూ ప్యాసింజర్లే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తమరు మధ్యలో, కింద కూర్చోవాలి."

"అలాగేనండి," అన్నాను. శిష్యుణ్ణి అండీ అనడం అదే మొదటిసారి. ఈ ముక్క తెనాలిలో ఇంతవరకు చెప్పలేదు.